గుర్రానికి మైనస్ పన్నెండు మార్కులు

గుత్తుల నూకరత్నం ప్రభుత్వాన్ని అడిగింది ఒక్క చెక్క.

తిమ్మగుడిపాడులో ఆమె నడిపే అంగన్‌వాడీ కేంద్రంలో ఒక ఊగుడు గుర్రం ఉంది. దాని కాళ్ల కింద విల్లులా వంగిన అడుగు చెక్కలు రెండున్నాయి. వాటిలో ఎడమది ఆషాఢమాసంలో ఒకరోజు ఫెళ్లున విరిగింది. విరిగే సమయానికి గుర్రం మీద ముగ్గురు పిల్లలున్నారు, నాలుగోవాడు తోక పట్టుకుని వేలాడుతున్నాడు. కనుక తప్పు గుర్రానిదని ఎవరూ అనలేరు.

వెనకటి రోజుల్లోనైతే ఇది పెద్ద విషయం కాదు. ఆ ఊరి వడ్రంగుల ఇంట్లో ఓ ఆచారం ఉంది. దసరాకి ఆయుధ పూజ చేసిన మర్నాడు, పసుపు ఆరని ఉలితో చేసే తొలి పని బాలవాడి గుర్రానిదే. దానికి కూలి తీసుకోరు. తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇప్పుడు కొమ్మోజు భద్రాచలం చేస్తున్నాడు. బాలవాడి కాస్తా అంగన్‌వాడీ అయినా ఆ ఆచారం తప్పలేదు. అయితే పోయిన ఏడాది తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఎవరో, "ప్రభుత్వ ఆస్తి మీద ప్రైవేటు వ్యక్తి ఉలి పెట్టడానికి అనుమతి ఎవరిచ్చారు?" అని నిలదీశాడు. ఊరికే చేశాడండీ అని నూకరత్నం అంటే, ఊరికే చేయడం మరీ అనుమానాస్పదమని పుస్తకంలో రాసుకుని వెళ్లాడు. అందుకని ఈసారి ఆమె పద్ధతిగా అర్జీ పెట్టుకుంది.

అర్జీకి కాస్త బలం చేకూరుతుందని, "అరవై ఎనిమిదేళ్ల నాటి ఈ గుర్రమునకు ఒక అడుగు చెక్క ఇప్పించవలెను" అని రాసింది. ఆ అరవై ఎనిమిదేళ్ల ముక్క రాయకపోతే ఆమె ఆ నాలుగు నెలలూ హాయిగా నిద్రపోయేది. ఎందుకంటే ఆ ఏడాది మొదట్లోనే రాజధానిలో ప్రాచీన క్రీడావస్తు సంరక్షణ ప్రాధికార సంస్థ అని ఒకటి పుట్టింది. యాభై ఏళ్లు దాటిన ఆటవస్తువు ఏ ఫైలులో కనబడినా ఆ ఫైలు తిన్నగా ఆ సంస్థకే వెళ్లాలి. పుట్టి ఆరు నెలలైనా సంస్థ చేతికి ఒక్క ఆటవస్తువూ చిక్కలేదు. అద్దాల పెట్టెలు మాత్రం నలభై కొన్నారు. ఆకలి మీదున్న సంస్థకి గుర్రం దొరికింది.

శ్రావణమాసంలో రెండు కార్లలో కమిటీ దిగింది. ముందు కారులోంచి ప్రధాన మూల్యాంకనాధికారి డాక్టర్ జ్ఞానప్రకాశరావుగారు దిగారు. చేతులకు తెల్లటి తొడుగులు, కంటికి భూతద్దం. వెనక కారులోంచి ఆ భూతద్దం పెట్టె మోసేవాళ్లు దిగారు.

"చెక్క తెచ్చేరా అండీ?" అని ఆశగా అడిగింది నూకరత్నం.

జ్ఞానప్రకాశరావుగారు ఆమె వంక జాలిగా చూశారు. "అమ్మా, మీరు కోరినది ఎంతటి ఘోరమో మీకు బోధపడలేదు. ప్రాచీన వస్తువులో ఒక్క భాగాన్ని మార్చినా దాని మౌలికత భంగమగును. భంగమైన మౌలికత పునరుద్ధరణకు అతీతము. ఈ క్షణం నుంచి ఈ వస్తువును యథాతథ స్థితిలో సంరక్షించవలసి ఉన్నది."

"యథాతథమంటే పక్కకి పడిపోయి ఉందండి. కనీసం లేపి గోడకి జేరేద్దావండి."

"లేపరాదు! పతన భంగిమ కూడా చరిత్రలో భాగమే."

కేంద్రానికి ఉన్నది ఒక్కటే గది. గుర్రం సరిగ్గా మధ్యలో పడి ఉంది. నిబంధన ప్రకారం దాని చుట్టూ ఆరేసి అడుగుల దూరంలో ఎర్ర తాడు కట్టారు. కట్టాక చూస్తే తాడుకి ఇవతల మిగిలింది గుమ్మమూ, కోడిగుడ్ల అట్టలూను. పిల్లలు వరండాలోకి వెళ్లారు. వరండాలోకి అప్పటికే వాన వచ్చి ఉంది.

గుర్రం మీద దుమ్ము తుడవకూడదన్నారు, అది అరవై ఎనిమిదేళ్ల దుమ్ము కావచ్చునట. నిన్ననే తుడిచానని నూకరత్నం చెబితే ఆ నేరాన్ని వేరే కాగితం మీద రాసుకున్నారు. ఆ తర్వాత మొండెం అడుగున చెదలు కనిపించాయి. మందు కొట్టించండని ఆమె బతిమాలుకుంది. దాని మీద కమిటీ గంటన్నరసేపు చర్చించి, చెదలు ఏ కాలానికి చెందినవో తేలే వరకూ వాటికి ఎలాంటి హానీ తలపెట్టరాదని తీర్మానించింది. వంశపారంపర్యంగా ఆ గుర్రంలోనే ఉంటున్న చెదలైతే వాటికీ సంరక్షణ వర్తిస్తుందట.

కార్లు వెళ్లిపోయాక నాలుగేళ్ల లోవకుమారి తాడు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

"గుర్రానికి జొరమొచ్చిందా టీచరూ?"

"అవునమ్మా."

"మరి డాక్టరుగారు మందెయ్యలేదేం?"

నూకరత్నం ఆ పిల్లని ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్లింది. ఏడుపొచ్చినంత పనైంది. చిన్నప్పుడు ఆ గుర్రం మీద ఊగిన వాళ్లలో తనూ ఒకతె. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లనీ బుజ్జగించి గుమ్మం లోపలికి తెచ్చింది తను కాదు, ఆ గుర్రమే. తల్లి కొంగు వదలని పిల్లలు కూడా దాన్ని చూడగానే కొంగు వదిలేసేవారు.

ఇప్పుడు వరండాలో తడుస్తూ, పడిపోయిన గుర్రాన్ని కిటికీలోంచి చూడ్డానికి ఏ పిల్ల వస్తుంది? ఇరవై ముగ్గురు పద్దెనిమిదయ్యారు. మరుసటి నెలకి పద్నాలుగయ్యారు. అప్పుడు సూపర్‌వైజర్ హేమలత మేడమ్ వచ్చి పుస్తకం తిరగేసి నిట్టూర్చింది. మనిషి మంచిదే, కాని ఆవిడ చేతిలోని నిబంధనలు అంత మంచివి కావు.

"చూడు నూకరత్నం. మూడు నెలల సగటు పదిహేనుకి తగ్గిందంటే నేనేం చెయ్యలేను. ఈ సెంటరు తీసేసి కొత్తపాలెం సెంటర్లో కలిపేస్తారు."

"కొత్తపాలెం హైవేకి అవతల కదండీ మేడమ్! ఆ లారీల మధ్యనుంచి మూడేళ్ల పిల్లల్ని ఎవరంపుతారండీ?"

"పంపరనే అనుకో. పంపకపోతే అక్కడా హాజరు తగ్గుతుంది. అప్పుడు దాన్నీ ఇంకోదాంట్లో కలుపుతారు."

నూకరత్నం హాజరు పుస్తకం మూసింది. తన ఉద్యోగం మాట సరే, కొత్తపాలెంలోనైనా వంట చేసి బతకొచ్చు. ఈ పిల్లలు మాత్రం మళ్లీ గేదెల వెనకా, కాలవ గట్ల మీదా తిరుగుతారు. అంతా ఒక్క చెక్క కోసం.

భాద్రపదంలో విచారణ జరిగింది. గుర్రానికి ఇంతవరకూ జరిగిన మరమ్మతులెన్నో తేల్చడానికి "మరమ్మతుదారుని" హాజరుపరచమన్నారు. కొమ్మోజు భద్రాచలానికి కబురు వెళ్లింది. రాజధాని నుంచి డాక్టరుగారు తన పనితనం చూడ్డానికే వచ్చారని అతనికి అర్థమైంది. ఏ సన్మానమో చేస్తారని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని మరీ వచ్చాడు. నూకరత్నం గుమ్మంలోనే కళ్లతో సైగ చేసింది. ఏమీ చెప్పొద్దని చేత్తో కూడా సైగ చేసింది. అతను దాన్ని ఆశీర్వాదంగా తీసుకుని లోపలికి నడిచాడు.

"ఈ వస్తువులో మీరు ఏయే భాగాలను మార్చియున్నారు?" అన్నారు జ్ఞానప్రకాశరావుగారు.

"ఒక్క ముక్క పాతది ఉంచలేదండి బాబుగారూ!" అన్నాడు భద్రాచలం ఛాతీ విరుచుకుని. "చెవులు నేనే మార్చేను. పిల్లలు పీకేత్తారండి, ఏడాదికో జత. తోక కొబ్బరి పీచు, అదీ నేనే. నాలుగు కాళ్లూ ఆళ్లు ఊగి ఊగి ఇరగ్గొట్టినయ్యే, మా నాన్నగారు రెండేసేరు, నేను రెండు. ఎవరివి ఏయో చెప్పగలిగితే చెప్పండి చూద్దాం, అతుకు కనబడదు!"

కమిటీ వెంట వచ్చిన పరిశీలకులు నాలుగు కాళ్లకీ నాలుగు గీతలు గీసుకున్నారు.

"శిరస్సు?"

"తలకాయండా? తుపానొచ్చిన ఏడు గోడ కూలి దాని మీద పడిందండి. మా నాన్నగారు మూడ్రోజుల్లో కొత్తది చేసి పెట్టేరు. పాతదానికంటే ఇదే కళగా ఉందని ఊరంతా అన్నారండి."

"మొండెము?"

"అది నా చేతి మీదే. పన్నెండేళ్లయింది. పనస చెక్క, పసుపు ముద్దలా ఉంటాది."

"అయితే ఆ చెదలు..." అన్నారు అధికారిగారు నీరసంగా.

"అయ్యీ ఈమధ్య పట్టినయ్యేనండి."

కమిటీలో ఒకాయన చెదల పేరిట తెరిచిన ఫైలు మీద మౌనంగా అడ్డగీత గీశాడు. ఇంకొకాయన రంగు గీకి చూసి, పదిహేడు పూతలున్నాయని లెక్క చెప్పాడు. పదిహేడూ తమవేనని భద్రాచలం ఒప్పుకున్నాడు. పద్దెనిమిదోది కూడా వేద్దామని డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టుకున్నానని, అనుమతిస్తే ఇప్పుడే పట్టుకొస్తానని అన్నాడు.

అక్కడికక్కడే మార్కులు వేశారు. నూటికి నూరుతో మొదలుపెట్టి, మార్చిన ప్రతి భాగానికీ ఇన్నని, పూసిన ప్రతి పూతకూ ఒకటని కోసుకుంటూ వెళ్లారు. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి అరవై, తల దగ్గర నలభై, చెవులూ తోకా మొండెమూ కుడి అడుగు చెక్కా తీసేస్తే ఐదు. రంగు పూతలు తీసేస్తే మైనస్ పన్నెండు.

"సంస్థ చరిత్రలోనే ఋణాత్మక మూల్యం పొందిన తొలి వస్తువు," అని ప్రకటించారు జ్ఞానప్రకాశరావుగారు. సంస్థ చరిత్రలో మార్కులు పొందిన తొలి వస్తువు కూడా అదేనని ఎవరూ గుర్తుచేయలేదు. ఆయన భూతద్దం తీసేసి భద్రాచలం వైపు తిరిగారు. "ఇందులో ఆదిలో ఉన్నది ఏదీ, ఒక్కటంటే ఒక్కటి, మిగల్లేదా నాయనా?"

భద్రాచలం మొహం మొదటిసారి వాడిపోయింది. తన పనిలో ఏదో లోపం పట్టుకున్నారని అతనికి అర్థమైపోయింది. "ఒక్కటి ఉండిపోయిందండి," అన్నాడు తలొంచుకుని. "ఆ విరిగిన ఎడం అడుగు చెక్క. మా తాతగారు ఏసిన చింత చేవ. ఏ జబ్బూ రాలేదని ఇన్నాళ్లూ ముట్టుకోలేదు. తప్పైపోయింది బాబుగారూ. అదీ రేపే మార్చేత్తాను."

జ్ఞానప్రకాశరావుగారు కుర్చీలోంచి లేచారు. విరిగిన చెక్క దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని పరిశీలకులు తర్వాత నివేదికలో రాశారు.

ఆ ఏడాది ఆయుధ పూజ మర్నాడు భద్రాచలం ఉలికి బొట్టు పెట్టి, అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. మరో పని మొదలెట్టబుద్ధి కాలేదు. అక్టోబరులో కేంద్రం హాజరు పదికి దిగింది. నెలాఖరున నూకరత్నాన్ని జిల్లా కేంద్రానికి రమ్మని తాకీదు వచ్చింది.

తీర్పును జ్ఞానప్రకాశరావుగారే స్వయంగా చదివారు. ఎడమ అడుగు చెక్క ప్రథమ శ్రేణి ప్రాచీన క్రీడావస్తువు. దానికి నూటికి నూరు మార్కులు. విరిగిన అంచులతో సహా దాన్ని రాజధానికి తరలించి అద్దాల పెట్టెలో ఉంచుతారు. ఇక దానికి కాలక్రమంలో అతుక్కున్న గుర్రం అనే అనంతరకాల అనుబంధం వల్ల ప్రజలు తప్పుదోవ పట్టే ప్రమాదం ఉంది.

నూకరత్నానికి నెత్తిన పాలు పోసినట్టయింది. "అయితే ఆ గుర్రం మీకక్కర్లేదు కదండీ. మాకొదిలెయ్యండి. కొత్త చెక్క ఏయించుకుంటాం."

"అదే కూడదు. అనుబంధానికి నూతన భాగం చేర్చినచో సంపూర్ణ నకలు తయారగును. నకలు ఉన్నంత కాలం అసలుకు గౌరవము లేదు. కావున అనుబంధమును ధ్వంసము చేయవలెను."

"ధ్వంసమంటే?"

"రూపుమాపుట."

గుర్రాన్ని పొయ్యిలో పెట్టమని ఇంత చదువుకున్న మనిషి ఎలా అనగలిగాడో ఆమెకి అర్థం కాలేదు. రెండు చేతులతో బల్ల మీదున్న తీర్పు కాగితం తీసుకుంది. ఇరవై రెండేళ్లుగా నివేదికలు రాసిన చేతులవి. తూకం పట్టికలు, గుడ్ల పట్టికలు, పప్పు పట్టికలు ఎన్ని రాసిందో లెక్కలేదు. పై ఆఫీసుల్లో ఎవరూ కేంద్రాన్ని చూడరని, నివేదికనే చూస్తారని ఆ చేతులకి తెలుసు. కాగితం రెండుసార్లు చదివింది. చివరి పేరాలో, ధ్వంస కార్యక్రమాన్ని సదరు కేంద్రమే తన సొంత సిబ్బందితో నిర్వహించి, పూర్తయ్యేదాకా నెలనెలా నివేదిక పంపవలెనని ఉంది.

"సొంత సిబ్బందంటే మాకు నేనూ, ఆయా, పిల్లలేనండి," అంది మెల్లగా. "మా ఇద్దరికీ వంటతోనే సరిపోద్ది. పిల్లల చేత చేయించొచ్చా అండీ?"

"పిల్లలు సమర్థులేనా?"

"ఆ చింత చేవ చెక్కని ఎవరు విరిచేరనుకున్నారండీ?"

జ్ఞానప్రకాశరావుగారు పట్టుగుడ్డలో చుట్టి ఉన్న చెక్క వైపు గౌరవంగా చూశారు. "అనుభవజ్ఞులన్నమాట. విధానమేమి?"

"ఎక్కి ఊగుతారండి. ఊగితే కాళ్లు వదులవుతాయి, అడుగు అరుగుతాది. చెవులు పీకుతారు, తోక లాగుతారు. ఇన్నేళ్లలో ఇద్దరు మనుషులు చేసిన పనంతా ఆళ్లే అవగొట్టేరండి. భద్రాచలం చెప్పేడు కదండీ, మీరు రాసుకున్నారు కూడానూ."

పరిశీలకుడు పాత కాగితాలు తిరగేసి, నిజమే, తల తప్ప మిగతా భాగాలన్నీ పిల్లల వల్లే పాడయినట్టు రికార్డులో ఉందన్నాడు.

"పని ఆగకుండా సాగాలంటే ఒక్క ఇబ్బందుందండి," అంది నూకరత్నం. "గుర్రం పడిపోయి ఉంది. పడిపోయిందాన్ని ఊపడం కుదరదు. ఎడం పక్క చెక్కుండాలి."

"నూతన చెక్క చేర్చుట నిషేధమని ఇప్పుడే చెప్పితిని కదా!"

"గుర్రానికి కాదండి. ధ్వంసానికి."

ఆయన కళ్లు మూసుకున్నారు. గోడ గడియారం కింద కూర్చున్న పరిశీలకుడు కూడా మర్యాదకోసం కళ్లు మూసుకున్నాడు. "ధ్వంస పరికరం కింద మంజూరు చేయవచ్చును," అన్నారు చివరికి.

నాలుగు నెలలుగా రాని చెక్క మర్నాడే మంజూరైంది. భద్రాచలాన్ని "ధ్వంస సాంకేతిక నిపుణుడు"గా నియమిస్తూ ఉత్తర్వు కూడా దాంతోనే వచ్చింది. అతను దాన్ని రెండుసార్లు చదివించుకుని, ఇదేదో తిట్టులాగుందే అని కాస్త నొచ్చుకున్నాడు. అయినా తెల్లారేసరికి ఉలి పట్టుకుని హాజరయ్యాడు. ఎర్ర తాడు విప్పి పిల్లలు దాంతో రైలాట ఆడుకున్నారు. గుర్రం లేచి నిలబడిన వార్త పొద్దెక్కేలోపే ఊరంతా పాకింది. లోవకుమారి ముందు దాని నుదురు మీద చెయ్యి వేసి చూసి, జొరం తగ్గిందని అందరికీ చెప్పింది.

విరిగిన చెక్క రాజధానిలో అద్దాల పెట్టె ఎక్కింది. చూడవచ్చిన వాళ్లు ఇదేమిటని అడిగితే, గుర్రమని కాపలావాడు చెబుతాడు. గుర్రమేదని అడిగితే, అది నకలు కాబట్టి ధ్వంసం చేస్తున్నామంటాడు. జనం తలలూపి తరవాతి పెట్టె దగ్గరికి వెళతారు. అది ఖాళీగా ఉంటుంది.

నూకరత్నం మొదటి నివేదిక పంపింది. "ఈ నెల కుడి చెవి ఊడినది. చెవి లేనిదే సిబ్బందికి పట్టు దొరకక ధ్వంసము కుంటుపడుచున్నందున కొత్త చెవి అమర్చబడినది. రంగు పూర్తిగా అరుగుటకు వీలుగా రంగు వేయబడినది."

ఆ నివేదిక వెళ్లిన వారానికే హేమలత మేడమ్ విలీనం ఫైలు పట్టుకుని వచ్చింది. మూడు నెలల సగటు పద్నాలుగు. గుర్రం లేచాక పిల్లలంతా తిరిగొచ్చారని నూకరత్నం మొత్తుకుంది. లెక్క ఆ మూడు నెలలదేనని, ఈ నెలది కాదని మేడమ్ తల దించుకుని చెప్పింది. ఆవిడ సంతకం పెట్టడానికి కలం మూత తీసింది కూడా. అంతలో పోస్టుమాన్ సైకిలు దిగాడు. కవరు మీద ప్రాధికార సంస్థ ముద్ర ఉంది. నూకరత్నానికి చదివే ఓపిక లేక మేడమ్ చేతికే ఇచ్చింది.

హేమలత పైకి చదివింది. "సూచిక: మీ ప్రథమ ధ్వంస నివేదిక. ధ్వంసము మిక్కిలి మందకొడిగా సాగుచున్నట్లు ఈ కార్యాలయము తీవ్ర అసంతృప్తితో గమనించినది. ఒక నెలలో ఒక చెవి ఎంత మాత్రమూ సంతృప్తికరము కాదు. సిబ్బంది కొరతయే ఇందుకు కారణమని భావించుచు, సదరు కేంద్రములో పిల్లల సంఖ్యను తక్షణమే ఇరవై ఐదుకు తగ్గకుండా పెంచవలసినదిగానూ, ధ్వంసము సంపూర్ణమగు వరకు కేంద్రమును మూసివేయుట గాని, తరలించుట గాని, మరియొక దానిలో విలీనము చేయుట గాని చేయరాదనియు సంబంధిత శాఖను ఆదేశించడమైనది."

మేడమ్ కలానికి మూత పెట్టేసింది. ఫైలు మడిచి సంచిలో వేసుకుంది. లోపల పిల్లలు గుర్రం మీద ఎవరి వంతన్న దాని మీద పోట్లాడుకుంటున్నారు.

"ఈ ధ్వంసం ఎప్పటికి పూర్తవుతుందే నూకరత్నం?" అంది.

"మా భద్రాచలం కొడుకు కూడా ఉలి పట్టేడండి," అంది నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పట్లో అవదండి."

ఆ నెల నివేదిక ఆమె చాలా శ్రద్ధగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. "ధ్వంసము పురోగతిలో ఉన్నది. సిబ్బంది: ఇరవై ఆరుగురు."